ఎవరో ఉన్నారని చెప్తది, ఎవరో చెప్పదు: యూనిక్స్‌లో ‘డివైస్ బిజీ’ చరిత్ర

 

మన గ్రూపులో చరిత్ర అంటే పోరాటాల గురించి, చట్టాల గురించి, మన పండుగల గురించి ఎక్కువ వస్తుంటది. ఈసారి నేను ఒక కంప్యూటర్ చరిత్ర రాస్తున్నా. మనలో చాలామంది ఇంటర్ వరకు తెలుగు మీడియంలో చదివి, డిగ్రీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్ దగ్గరికి వచ్చేసరికి బట్టీ పడుతున్నాం. ఆ కమాండ్ ఎందుకు పుట్టిందో తెలిస్తే బట్టీ పట్టాల్సిన పని ఉండదు. పోస్టు కొంచెం పొడుగు, ఓపికగా చదవండి.

విషయం చిన్నదే. పెన్‌డ్రైవ్ తీయబోతే ‘ఇది వాడుకలో ఉంది, ప్రోగ్రాములు మూసి మళ్లీ ప్రయత్నించండి’ అని కంప్యూటర్ చెప్పడం అందరూ చూసే ఉంటారు. అన్నీ మూసేశాం గదా, ఇంకా ఎవరు వాడుతున్నారు అంటే జవాబు రాదు. లినక్స్‌లో కూడా అంతే, ‘టార్గెట్ ఈజ్ బిజీ’ అంటది, ఊరుకుంటది. కంప్యూటర్‌కి అన్నీ తెలుసు అనుకుంటాం. మరి ఎవరో ఉన్నారని తెలిసిన దానికి, ఆ ఉన్నది ఎవరో ఎందుకు తెలియదు? ఈ ప్రశ్న వయసు 50 ఏళ్ల పైనే.

మొదలు ఎక్కడ?

యూనిక్స్ 1969లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం, ముర్రే హిల్ అనే చోట బెల్ ల్యాబ్స్‌లో పుట్టింది. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ప్రధానంగా చేసిన పని. మొదట పీడీపీ-7 అనే చిన్న మెషీన్ మీద, తర్వాత పీడీపీ-11 మీద నడిచింది. మొదటి మాన్యువల్ మీద ఉన్న తేదీ 1971 నవంబర్ 3. అందులోనే ‘మౌంట్’, ‘యుమౌంట్’ రెండూ ఉన్నాయి. రెండోది అన్‌మౌంట్ కాదు, మధ్యలో ‘ఎన్’ అక్షరం ఉండదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు తడబడేది ఇక్కడే.

మౌంట్ అంటే ఏంటి? విండోస్‌లో సీ డ్రైవ్, డీ డ్రైవ్ అని వేర్వేరుగా ఉంటాయి. యూనిక్స్‌లో ఉండేది ఒకటే చెట్టు. కొత్త డిస్క్ వస్తే దాన్ని ఆ చెట్టులో ఏదో ఒక డైరెక్టరీ దగ్గర తెచ్చి కలుపుతారు, కొమ్మకు అంటు కట్టినట్టు. అక్కడి నుంచి లోపలికి పోతే కొత్త డిస్క్‌లో ఉన్నవి కనపడతాయి. యుమౌంట్ అంటే ఆ అంటును విప్పడం.

ఇది ఎందుకు అవసరం అయిందంటే, అప్పటి డిస్కులు చాలావరకు ఊడదీసి మార్చేవే. థాంప్సన్, రిచీ 1974లో రాసిన పేపర్‌లో వాళ్ల మెషీన్ వివరాలు ఉన్నాయి. పీడీపీ-11/45, మొత్తం మెమొరీ 144 కిలోబైట్లు. అందులో యూనిక్స్ 42 కిలోబైట్లు ఆక్రమించేది. 10 లక్షల బైట్ల స్థిరమైన డిస్క్ ఒకటి, ఒక్కోదానికి 25 లక్షల బైట్లు పట్టే కార్ట్రిడ్జ్ డ్రైవులు నాలుగు, 4 కోట్ల బైట్ల పెద్ద డిస్క్ ఒకటి. కార్ట్రిడ్జ్‌ని ఊడదీయొచ్చు, ఇంకోటి పెట్టొచ్చు. ఒక రకంగా అవే అప్పటి పెన్‌డ్రైవులు.

ఊడదీసే ముందు యుమౌంట్ ఎందుకు చేయాలి? మీరు ఫైల్‌లో రాసింది వెంటనే డిస్క్ మీదకి పోదు. కొంతసేపు మెమొరీలోనే ఉంటది. ఆ రోజుల్లో ‘అప్‌డేట్’ అనే చిన్న ప్రోగ్రామ్ 30 సెకన్లకు ఒకసారి మెమొరీలో మిగిలినవి డిస్క్‌కి పంపేది. ఆ మధ్యలో డిస్క్ ఊడదీస్తే సగం రాసిన ఫైలు, తప్పుడు లెక్కలు మిగులుతాయి. అందుకే యుమౌంట్ ముందు అన్నీ డిస్క్ మీదకి పంపి, తర్వాత లోపల ఎవరైనా ఉన్నారా అని చూస్తది. ఉంటే ఒప్పుకోదు. ఆ ఒప్పుకోకపోవడానికి పెట్టిన నంబరు 16, పేరు ‘ఈబిజీ’. ఇప్పటి లినక్స్‌లో కూడా అదే పేరు, అదే నంబరు.

లెక్క ఉంది, పేరు లేదు

1975లో వచ్చిన ఆరో ఎడిషన్ యూనిక్స్ లోపల ఏముందో ప్రపంచానికి బాగా తెలిసింది ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీ అధ్యాపకుడు జాన్ లయన్స్ వల్ల. ఆయన తన విద్యార్థుల కోసం ఆ కోడ్‌ మొత్తానికి వివరణ రాశారు. తర్వాతి ఎడిషన్‌ లైసెన్స్‌లో, కోడ్‌ని క్లాసులో పాఠంగా చెప్పకూడదని కంపెనీ షరతు పెట్టింది. దాంతో ఆ పుస్తకం ఏళ్ల తరబడి జిరాక్స్ కాపీలుగానే తిరిగింది. బయట మామూలు పుస్తకంగా అచ్చయింది 1996లో. సీనియర్ల నోట్స్ జిరాక్స్ మీద బతికే మన హాస్టల్ వాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఆ కోడ్‌లో యుమౌంట్ చేసే పని చూస్తే ఆశ్చర్యం వేస్తది. కెర్నల్ దగ్గర ‘ఐనోడ్ టేబుల్’ అని ఒక పట్టిక ఉంటది. ప్రస్తుతం వాడుకలో ఉన్న ప్రతి ఫైలుకి, డైరెక్టరీకి అందులో ఒక వరుస. మొత్తం 100 వరుసలే. యుమౌంట్ ఆ 100 వరుసలూ పైనుంచి కింది దాకా చూస్తది. తీసేయాలనుకున్న డిస్క్‌కి చెందిన వరుస ఒక్కటి కనపడినా ‘బిజీ’ అని వెనక్కి వస్తది. అంతే, నాలుగైదు లైన్ల కోడ్.

మరి ఆ వరుసలో ఎవరు వాడుతున్నారో రాసి ఉండదా? ఉండదు. ఎంతమంది పట్టుకున్నారు అన్న లెక్క మాత్రం ఉంటది. పేర్లు ఎక్కడ ఉంటాయంటే ఇంకో వైపు ఉంటాయి. ప్రతి ప్రాసెస్ దగ్గర తను తెరిచిన ఫైళ్ల జాబితా ఉంటది, గరిష్ఠంగా 15. ఆ జాబితా ‘ఫైల్ టేబుల్’ వైపు చూపిస్తది, ఫైల్ టేబుల్ ఐనోడ్ వైపు చూపిస్తది. అంటే ప్రాసెస్ నుంచి ఫైలుకి దారి ఉంది. ఫైలు నుంచి ప్రాసెస్‌కి తిరుగు దారి లేదు.

మన హాస్టల్ మెస్ అనుకోండి. వంట మాస్టర్‌కి ఈ పూట ఎన్ని ప్లేట్లు బయటికి పోయాయో తెలుసు. ఇంకా మూడు ప్లేట్లు తిరిగి రాలేదు, కాబట్టి మెస్ మూయలేడు. కానీ ఆ మూడు ఎవరి దగ్గర ఉన్నాయో ఆయన దగ్గర రాసి లేదు. తెలుసుకోవాలంటే రూమ్ రూమ్‌కి పోయి తలుపు కొట్టి చూడాలి.

ఎందుకు ఇలా కట్టారు? నాకు అర్థమైనంతలో కారణం పొదుపు. 42 కిలోబైట్లలో మొత్తం కెర్నల్ ఇరికించాలి. ఫైలు తెరిచిన ప్రతిసారీ, మూసిన ప్రతిసారీ, ఒక ప్రాసెస్ ఇంకో ప్రాసెస్‌ని పుట్టించిన ప్రతిసారీ తిరుగు జాబితా సరిచేస్తూ పోవాలంటే చోటు, సమయం రెండూ ఖర్చే. లెక్క అయితే ఒక అంకె, ఒకటి కూడటం, ఒకటి తీయడం. ఫైలుని ఎప్పుడు వదిలేయాలో తెలియడానికి ఆ అంకె సున్నా అయిందా లేదా అన్నది చాలు. కెర్నల్‌కి అవసరమైంది అంతవరకే. ఎవరు అన్న ప్రశ్న కెర్నల్‌ది కాదు, మెషీన్ ముందు కూర్చున్న మనిషిది.

పట్టుకోవడం అంటే ఎన్ని రకాలు?

ఫైలు తెరిచి ఉంచడం ఒక్కటే పట్టుకోవడం కాదు. అప్పటి మాన్యువల్‌లోనే ‘బిజీ’కి నాలుగు కారణాలు చెప్పారు. ఒకటి, తెరిచి ఉన్న ఫైలు. రెండు, ఏదో ఒక ప్రాసెస్ ఆ డిస్క్ లోపలి డైరెక్టరీలో నిలబడి ఉండటం. మూడు, ఆ డిస్క్ మీద ఇంకో డిస్క్ మౌంట్ అయి ఉండటం. నాలుగు, ఆ డిస్క్‌లో ఉన్న ప్రోగ్రామే ఇప్పుడు నడుస్తూ ఉండటం.

రెండోది ల్యాబ్‌లో అందరికీ తగిలేది. టెర్మినల్‌లో పెన్‌డ్రైవ్ లోపలికి సీడీ కొట్టి, ఫైళ్లన్నీ మూసి, అక్కడే నిలబడి యుమౌంట్ అంటే బిజీ అనే వస్తది. వాడుతున్నది ఎవరో కాదు, మీ షెల్లే. కొమ్మ మీద కూర్చుని అదే కొమ్మను నరకబోయినట్టు. ఒక్క ‘సీడీ’ కొట్టి బయటికి వస్తే అయిపోతది.

ఇంకో విచిత్రం కూడా ఉంది. ఆ కాలంలో ఎక్కువగా వాడే ప్రోగ్రాములకు ‘స్టికీ బిట్’ పెట్టేవాళ్లు. ప్రోగ్రామ్ ముగిసినా దాని ప్రతి స్వాప్ స్థలంలో ఉండిపోయేది, మళ్లీ పిలిస్తే త్వరగా లేవడానికి. అంటే మనిషి వెళ్లిపోయాడు, పక్క బట్టలు రూమ్‌లో ఉన్నాయి. అందుకని ఏడో ఎడిషన్‌లో యుమౌంట్ ముందుగా అలాంటి ఖాళీ ప్రతులను తీసేసి, ఆ తర్వాతే లోపల ఎవరైనా ఉన్నారా అని వెతికేది.

తలుపు తలుపు కొట్టిన ప్రోగ్రాములు

బెల్ ల్యాబ్స్‌లో ఒకే గదిలో పదిమంది పనిచేసుకునేటప్పుడు ‘ఎవరు వాడుతున్నారు’ అని గట్టిగా అడిగితే సరిపోయి ఉంటది. కంపెనీల్లో, యూనివర్సిటీల్లో వందల మంది ఒకే మెషీన్‌కి వేర్వేరు టెర్మినల్స్ నుంచి వచ్చేటప్పుడు అలా కుదరదు. 1983లో ఏటీ అండ్ టీ కంపెనీ ‘సిస్టమ్ ఫైవ్’ విడుదల చేసింది. ఆ సిస్టమ్ ఫైవ్ వంశంలో వచ్చిన కమాండే ‘ఫ్యూజర్’. ఒక ఫైలు పేరో, డిస్క్ పేరో ఇస్తే దాన్ని వాడుతున్న ప్రాసెస్‌ల నంబర్లు చెప్తది. నంబరు పక్కన ‘సి’ ఉంటే అది ఆ డైరెక్టరీలో నిలబడి ఉందని అర్థం, ‘ఆర్’ ఉంటే దాన్నే తన రూట్ డైరెక్టరీగా పెట్టుకుందని అర్థం. ‘యు’ ఆప్షన్ ఇస్తే ఆ ప్రాసెస్ యజమాని పేరు కూడా చూపిస్తది. లెక్క స్థానంలో మొదటిసారి పేరు వచ్చింది.

కాలిఫోర్నియాలోని బర్క్‌లీ వాళ్ల యూనిక్స్‌లో ఇదే పనికి ‘ఎఫ్‌స్టాట్’ వచ్చింది, 1988 నాటి 4.3 బీఎస్‌డీ తాహో విడుదలతో. తర్వాత అమెరికాలోనే పర్డ్యూ యూనివర్సిటీ కంప్యూటింగ్ సెంటర్‌లో పనిచేసిన విక్ ఏబెల్ ‘ఎల్‌ఎస్‌ఓఎఫ్’ రాశారు. లిస్ట్ ఓపెన్ ఫైల్స్ అనే మాటలకు పొట్టి రూపం అది. ఏఐఎక్స్, హెచ్‌పీ-యూఎక్స్, సొలారిస్, ఫ్రీబీఎస్‌డీ, లినక్స్ ఇలా అనేక రకాల యూనిక్స్‌ల మీద ఒకే కమాండ్ పనిచేసేలా ఆయన ఏళ్ల తరబడి దాన్ని మోశారు. ఇప్పుడు వేరే వలంటీర్ల బృందం చూసుకుంటున్నది.

ఈ పని ఎందుకంత కష్టం? కెర్నల్ తన పట్టికలు బయటికి చూపించేది కాదు. ఈ ప్రోగ్రాములు ‘కేమెమ్’ అనే ప్రత్యేక ఫైలు తెరిచి, కెర్నల్ మెమొరీని నేరుగా చదివేవి. ప్రాసెస్ పట్టిక ఏ అడ్రసులో ఉందో ముందు కనుక్కోవాలి, అక్కడి నుంచి ప్రతి ప్రాసెస్ ఫైళ్ల జాబితాకి, అక్కడి నుంచి ఫైల్ టేబుల్‌కి, చివరికి ఐనోడ్‌కి పోవాలి. కెర్నల్ కొత్త వెర్షన్‌లో పట్టిక ఆకారం కొంచెం మారితే చాలు, పాత ప్రోగ్రామ్ చెత్త చదువుతది. అంతేగాక కెర్నల్ మెమొరీ చదివే హక్కు అంటే అందరి రహస్యాలు చదివే హక్కు. మామూలు యూజర్‌కి అది ఇవ్వలేరు.

తలుపు తెరిచిన ప్రాక్

దీనికి పరిష్కారం బెల్ ల్యాబ్స్‌లోనే ఇంకో వైపు నుంచి వచ్చింది. 1984లో టామ్ కిలియన్ ఒక పేపర్ చదివారు. దాని సారాంశం, ప్రాసెస్‌లను కూడా ఫైళ్లలాగా చూపిద్దాం అని. ‘ప్రాక్’ అనే డైరెక్టరీలో ప్రతి ప్రాసెస్‌కి దాని నంబరుతో ఒక ఫైలు. అది డిస్క్ మీద నిజంగా ఉండదు, అడిగినప్పుడు కెర్నల్ తయారుచేసి ఇస్తది. అసలు ఉద్దేశం ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడానికి. ఎనిమిదో ఎడిషన్ యూనిక్స్‌లో అది వచ్చింది. తర్వాత ప్లాన్ 9 అనే సిస్టమ్‌లో ప్రతి ప్రాసెస్‌కి ఒక ఫైలు బదులు ఒక పూర్తి డైరెక్టరీ ఇచ్చారు. సిస్టమ్ ఫైవ్ నాలుగో విడుదలలోకి రోజర్ ఫాక్నర్, రాన్ గోమ్స్ తెచ్చారు.

లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్‌లో ఈ ఆలోచన ఇంకా విస్తరించింది. ఇప్పుడు మీ ల్యాబ్ సిస్టమ్‌లో ప్రాక్ డైరెక్టరీలోకి పోయి, ఏదైనా ఒక నంబరు లోపల చూడండి. ‘సీడబ్ల్యూడీ’ అంటే ఆ ప్రాసెస్ నిలబడిన చోటు, ‘ఎగ్జీ’ అంటే అది నడుపుతున్న ప్రోగ్రామ్ ఫైలు, ‘ఎఫ్‌డీ’ అంటే తెరిచిన ఫైళ్లు, ‘మ్యాప్స్’ అంటే మెమొరీలోకి తెచ్చుకున్న ఫైళ్లు. లినక్స్‌లో ఫ్యూజర్ మొదట రాసింది వెర్నర్ ఆల్మెస్‌బర్గర్. అది చేసేది ఇదే. ప్రాక్‌లో ఉన్న ప్రతి నంబరు దగ్గరికి పోయి, ఇవన్నీ తెరిచి, మీరు అడిగిన డిస్క్‌కి చెందింది ఏదైనా ఉందా అని పోల్చుకుంటది. కెర్నల్ మెమొరీ తవ్వాల్సిన పని పోయింది. కానీ పద్ధతి మారలేదు, ఇప్పటికీ ఇల్లిల్లూ తిరగడమే. లినక్స్ కెర్నల్ కూడా యుమౌంట్ చేసేటప్పుడు చూసేది ఒక లెక్కనే.

పేరు తెలిసాక ఏం చేస్తాం?

నాకు ఈ చరిత్రలో ముఖ్యం అనిపించింది ఇక్కడి నుంచి. ఎవరున్నారో తెలుసుకోవడానికి చేసిన కమాండ్‌లోనే వాళ్లను చంపే ఆప్షన్ కూడా ఉంది. ఫ్యూజర్‌కి ‘కె’ ఇస్తే దొరికిన ప్రతి ప్రాసెస్‌కి 9వ నంబర్ సిగ్నల్ పంపిస్తది. అది వచ్చాక ప్రాసెస్‌కి ఒక్క క్షణం కూడా ఉండదు. సేవ్ చేసుకునే అవకాశం లేదు, చెప్పుకునే అవకాశం లేదు. అక్కడ ఎవరో రికార్డు టైప్ చేస్తున్నారా, డేటాబేస్ నడుస్తున్నదా అని ఆ సిగ్నల్ చూడదు.

ఇంకా ప్రమాదం ఏంటంటే, ‘ఎమ్’ ఆప్షన్‌తో కలిపి మీరు ఇచ్చిన డైరెక్టరీ అసలు మౌంట్ అయి లేకపోతే, అది ఏ డిస్క్ మీద ఉందో ఆ డిస్క్ మొత్తం లెక్కలోకి వస్తది. అంటే రూట్ డిస్క్ వాడుతున్న వాళ్లందరూ. సర్వర్ మొత్తం కూలిపోతది. అందుకే తర్వాత పెద్ద ‘ఎమ్’ అనే ఆప్షన్ పెట్టారు. ఇచ్చింది నిజంగా మౌంట్ పాయింట్ అయితేనే పని చేస్తది. మాన్యువల్‌లో దాన్ని సీటు బెల్టుతో పోల్చారు. ‘ఐ’ ఇస్తే ఒక్కొక్కరిని చంపే ముందు మనల్ని అడుగుతది.

2001లో లినక్స్ 2.4.11తో ఇంకో దారి వచ్చింది, ‘లేజీ యుమౌంట్’. పేరును చెట్టులోంచి వెంటనే తీసేస్తది. కొత్తవాళ్లు లోపలికి రాలేరు. లోపల ఉన్నవాళ్లు తమ పని అయ్యేదాకా ఉండొచ్చు, చివరివాళ్లు వెళ్లాక డిస్క్ విడుదల అయితది. వినడానికి దయగా ఉంది. కానీ బయటి నుంచి చూస్తే ఖాళీ అయినట్టు కనపడతది, లోపల ఇంకా రాస్తూనే ఉండొచ్చు. అప్పుడు పెన్‌డ్రైవ్ లాగేస్తే నష్టం జరిగేది జరుగుతది. పైగా పేరు పోయింది కాబట్టి, పాత పేరుతో వెతికితే లోపలివాళ్లు దొరకరు కూడా.

కనపడకపోవడం గురించి ఇంకో రెండు మాటలు. మామూలు యూజర్‌గా ఫ్యూజర్ కొడితే మీ ప్రాసెస్‌లే దొరుకుతాయి, వేరేవాళ్ల ఎఫ్‌డీ తలుపు మీకు తెరుచుకోదు. జవాబు ఖాళీగా వచ్చిందంటే ఎవరూ లేరని కాదు, మీకు కనపడలేదని. రూట్‌గా అడిగితేనే పూర్తి జాబితా. అలాగే పట్టుకున్నది ప్రాసెసే కానక్కర్లేదు. ఆ డిస్క్‌లో స్వాప్ ఫైల్ ఉండొచ్చు, దాని మీద ఇంకో మౌంట్ ఉండొచ్చు, నెట్‌వర్క్‌లో పంచుకుంటూ ఉండొచ్చు. అప్పుడు పట్టుకున్నది కెర్నలే.

ఇంకోటి, ఫైలుని డిలీట్ చేసినా తెరిచి ఉంచిన ప్రాసెస్ మూసేదాకా అది డిస్క్ మీద ఉంటూనే ఉంటది. డైరెక్టరీలో పేరు ఉండదు, చోటు మాత్రం ఆక్రమించి ఉంటది. ‘డీఎఫ్’ లెక్క, ‘డీయూ’ లెక్క కలవకపోవడానికి తరచుగా కారణం ఇదే. ఎల్‌ఎస్‌ఓఎఫ్‌కి ‘ప్లస్ ఎల్ 1’ ఇస్తే అలాంటి పేరు లేని ఫైళ్లు బయటపడతాయి.

మన ఊళ్లలో పెద్దవాళ్లకు ఒక సంగతి బాగా తెలుసు. లెక్కలో ఇన్ని కుటుంబాలు అని రాయడం వేరు, జాబితాలో నీ పేరు ఉండటం వేరు. ఏదైనా చోటు ఖాళీ చేయించేటప్పుడు ఆ తేడా తెలుస్తది. యూనిక్స్ చేసినవాళ్లు దీని గురించి ఆలోచించి ఉండరు, వాళ్లది చోటు పొదుపు సమస్య. కానీ రేపు మనలో ఎవరో ఒకరు ఏదో ఆఫీసులో సర్వర్ చూసుకుంటారు. రాత్రి పూట డిస్క్ తీయాలి, బిజీ అని వస్తది, పైనుంచి తొందర పెడతారు. ‘కె’ కొట్టడానికి ఒక్క సెకను చాలు. ముందు జాబితా చూడటానికి పది సెకన్లు పడతది.

ల్యాబ్‌లో ఈ వరుస పాటించండి. మొదట మీరే లోపల నిలబడి ఉన్నారేమో చూసుకుని సీడీ కొట్టి బయటికి రండి. తర్వాత ఫ్యూజర్‌కి ‘వి’, ‘ఎమ్’ ఇచ్చి జాబితా చూడండి, ఏమీ రాకపోతే రూట్‌గా అడగండి. పేరు దొరికితే ఆ మనిషికి చెప్పండి, ప్రోగ్రామ్‌ని మామూలుగా మూయమనండి. మూయకపోతే 15వ నంబర్ సిగ్నల్ పంపండి, అది సర్దుకునే టైమ్ ఇస్తది. 9 చివరిది.

ఈ సెమిస్టర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ప్రాక్ డైరెక్టరీ ఒకసారి తెరిచి చూసి, అర్థం కానిది కింద అడగండి. తెలిసినంత చెప్తా. సీనియర్ అన్నలు, అక్కలు ఇంకా ఏమైనా కలపాలంటే కలపండి.

జోహార్.